రోడ్డుకి కొసరు

పూర్ణా మార్కెట్‌లో కూరలు కొనుక్కుని ఉక్కునగరం బస్సెక్కాను. పక్కసీటులో ఒకామె సైకిల్ చక్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చక్రానికి చిన్న మీటరు బిగించి ఉంది.

“ఏటమ్మా ఇది?”

“పరుగుపందేనికి బీచ్ రోడ్డు కొలిసొత్తన్నానండి. కిలోమీటరుకో మీటరు కొసరేత్తాను.”

కొసరంటే నా సంచిలోని కరివేపాకే అనుకునేవాణ్ణి. “రోడ్డుకి కొసరేటి?” అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. “ఓపాలి నాను రికార్డు కొట్టేనండి. తరవాత కొలిత్తే రోడ్డు బారెడు తక్కువొచ్చింది. నా పరుగు సెల్లదన్నారు. ఇంకెవులికీ అలాగవకూడదు.”

బస్సు కుదిపింది. ఆమె తల కమ్మీకి కొట్టుకుంది. చేతులు మాత్రం చక్రాన్ని వదల్లేదు.

ఇప్పుడు బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్లను చూస్తే, వాళ్లకు తెలియకుండా వాళ్ల కాళ్ల కింద ఆమె వేసిన కొసరు ఎక్కడుందా అని చూస్తూ నిలబడిపోతాను.