తెల్ల కడియాలు లేని బొమ్మ

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగితే బస్సు కోసం కాచుకోవడం నాకు చేతకాదు. ఎండ ఉన్నా, వాన ఉన్నా ఊళ్ళో పడి తిరుగుతాను. అట్లా తిరుగుతూనే ఒకరోజు నిరంజన్ షెడ్డులోకి తల దూర్చాను. ఒకప్పుడు వడ్ల గోదాము అది. ఇప్పుడందులో జానెడు ప్లాస్టిక్ బొమ్మలకు రంగులు వేస్తారు. కార్టూన్ సీరియళ్ళలో కత్తులు తిప్పే వీరులు, వీరనారులు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఒకదాని కనుబొమ్మ చెంప మీదికి జారి ఉంటుంది, ఇంకోదాని బూటు రంగు మోకాలికి అంటి ఉంటుంది. ఆ రంగు గీకేసి, తెర మీద కనిపించినట్టే అచ్చంగా మళ్ళీ వేసి ఇవ్వాలి. కొనేది పిల్లలనుకునేరు. ఉద్యోగాలు చేసే మగవాళ్ళు. వాళ్ళు ఆ బొమ్మతో ఆడరు, అద్దాల అల్మారాలో పెట్టి భూతద్దంతో తప్పులు వెతుకుతారు. లోకంలో మనిషి ముఖం వంక అంత శ్రద్ధగా చూసినవాణ్ణి నేనింకా కలవలేదు.

షెడ్డుకు ఉత్తరం వైపు ఒకే కిటికీ. దాని కింద పీట రుక్కిది. దేవరుప్పుల అవతల తండా ఆమెది, నలభై దాటి ఉంటాయి. అద్దాలు కుట్టిన బట్టల మధ్య పుట్టి పెరిగింది. ఎరుపు అంటే ఆమెకు ఒక్క రంగు కాదు. పండుమిరప వేరు, ఎండుమిరప వేరు, జాడీలో ఏడాది ఊరిన మిరప వేరు. కుంచెతో వేసే సన్నపనంతా ఆమెదే, ముఖ్యంగా బొమ్మలకు కళ్ళు పెట్టడం. రాతి విగ్రహానికైనా కళ్ళు చివరనే తెరుస్తారని, అప్పటిదాకా అది రాయేనని శిల్పుల పుస్తకాల్లో చదివాను. ప్లాస్టిక్కుకూ అదే లెక్క. రుక్కి కళ్ళు పెట్టిన బొమ్మలే కావాలని హన్మకొండ నుంచి అడిగి మరీ తెప్పించుకుంటారు.

షెడ్డు రెండో కొసన తలుపు మూసి రంగు కొట్టే గది ఉంది. లోపల గాలి ఆడదు, థిన్నర్ వాసన గొంతు పట్టుకుంటుంది. మొదటి ఏడాది రుక్కి అక్కడే చేసింది. ఛాతీ పట్టేసి జనగామ దవాఖానలో వారం పడుకుంది. ఇంకోసారి ఆ గదిలోకి పోతే పాణం మీదికొస్తదని డాక్టర్ చెప్పి పంపాడు. కిటికీ కింది పీట ఆమెకు దొరికింది ఆ తర్వాతే.

నేను పోయిన రోజు అజిత్ వచ్చాడు. హన్మకొండలో ఇట్లా బొమ్మలు దాచుకునేవాళ్ళ గుంపుకు పెద్ద. గుంపు కోసం చేయించిన పన్నెండు బొమ్మలు బల్ల మీద నిలబెట్టి ఉన్నాయి. పన్నెండూ ఒకే వీరనారివి, విరిగిన బల్లెం ఎత్తి పట్టుకున్నవి. అతను భూతద్దం తీశాడు.

"అన్నా, చెయ్యి చూడు. కింద గోధుమ రంగు, భుజం దగ్గర పాలిపోయింది. దండ చేతికి తెల్ల కడియాలుండాలె. ఏవీ?"

నిరంజన్ వంగి చూశాడు. "ఏ రుక్కి, గిటు రా. కడియాలేవి?"

"తీసేసిన పటేలా."

"ఎవలు తియ్యమన్నరు?"

"దాని మొగడు సచ్చిండు గద. పందొమ్మిదో భాగంల సచ్చిండు. బల్లెం ఇరిగింది ఆ తర్వాతనే. మొగడు పోయినంక మోచేతి మీద గాజులుంటయా?"

తండాలో పెండ్లయిన ఆడవాళ్ళు మోచేతి పైన భుజం దాకా తెల్లగాజులు వేసుకుంటారు. భర్త పోతే అవి తీసేస్తారు. రుక్కి బిడ్డ అఖిల ఫోన్‌లో ఆ సీరియల్ మొత్తం చూపించిందట. భాష తెలియకపోయినా చావు తెలుస్తుంది. నిరంజన్ ఇచ్చిన నమూనా కాగితంలో భుజాల మీద శాలువ కప్పి ఉంది, బొమ్మకు లేదు. శాలువ కింద ఏముందో రుక్కి తనకు తెలిసిన లోకాన్నిబట్టి వేసింది.

"మరి రంగు పాలిపోవుడేంది?" అన్నాడు అజిత్.

"ఇన్నేండ్లు గాజుల కింద ఎండ తాకని తోలు ఎట్లుంటది?" రుక్కి రవిక చేయి పైకి జరిపింది. మూడేళ్ళ కింద భర్త సోమ్లా పోయినప్పుడు తీసిన గాజుల జాడ ఇంకా తెల్లగానే ఉంది. అజిత్ చూపు తిప్పుకున్నాడు.

"ఇది జపాన్ కథ. మీ తండా కాదు."

"జపాన్ల మొగోళ్ళు సావరా?"

నిరంజన్ తమ్ముడి బిడ్డ మేఘన అక్కడే రంగులు కలుపుతోంది. ఆమె ఫోన్ తీసి వెనక్కీ ముందుకూ జరిపి ఒకచోట ఆపింది. ఇరవై రెండో భాగం. గాలికి శాలువ లేచింది. రెప్పపాటు. చేతికి ఏడు తెల్ల కడియాలు.

"ఉన్నయి పెద్దబాపూ."

రుక్కి రెండుసార్లు చూసింది. "గీసినోనికి తెల్వదు."

"గీసినోనికి తెల్వంది నీకు తెల్సునా?" నిరంజన్ గొంతు పెరగలేదు, అది ఇంకా అన్యాయంగా ఉంది. "నిన్ను రంగెయ్యమన్న, పంచాయితీ చెప్పమనలె. పొద్దుగూకేటాల్లకు పన్నెండింటికీ కడియాలు పడాలె. లేకుంటే కిటికీ కాడ మేఘన కూసుంటది, నువ్వు లోపలి గదిలకు నడువు."

ఉన్నమాట చెప్పాలంటే తప్పు రుక్కిదే. తెర మీద ఉన్నది ఉన్నట్టు వేయడమే పని. కానీ ఒక తప్పు చూపడానికి మనిషిని చావు గదికి పంపుతాననడం ఎక్కడి మర్యాదో, ఇన్ని ఊళ్ళు తిరిగినా నాకు అంతుపట్టలేదు.

రుక్కి రెండు వెంట్రుకల కుంచె తీసుకుంది. చేతికి ఏడు చొప్పున, పన్నెండు బొమ్మలకు, వంచిన తల ఎత్తకుండా వేసింది. అజిత్ భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు. వంక దొరకలేదు.

"ఇప్పుడు కరెక్ట్."

"కరెక్టో కాదో నీ సెల్లునడుగు బిడ్డా. నాకేమెరుక."

రెండు నెలలకు పాలకుర్తి నుంచి వస్తూ మళ్ళీ అటు పోయాను. పీట మీద రుక్కి ఉంది. పక్కన ఎత్తు స్టూలు మీద నిరంజన్, చేతిలో ఫోన్. ముందు రెండు రోజుల్లో అయ్యే బొమ్మ ఇప్పుడు ఎనిమిది రోజులు పడుతోందని మేఘన నా చెవిలో చెప్పింది. తెర మీద ఆపి చూపించనిదే రుక్కి కుంచె ముంచదు. ఆమెను పీట మీంచి లేపుదామంటే ఆ కళ్ళు పెట్టేవాళ్ళు ఇంకొకరు లేరు.

"పటేలా, గీ గుండీ ఏం రంగు?"

"నల్లదే గద. నీకు తెల్వదా?"

"నాకేం తెల్వది. నల్లదని నేననుకుంట, సెల్లుల ఇంకోటుంటది. మల్ల లోపలికి నడువంటవ్."

నిరంజన్ పళ్ళు కొరుకుతూ ఫోన్ చూపాడు. ఆమె చూసింది. గుండీ వేసింది. కుంచె కడిగింది, తుడిచింది, ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దుగాల ఎడమ బూటు చూపెట్టినవ్," అంది. "కుడిది చూపెట్టు."