అప్పలనాయుడి ఆవిరి మిషను

మా దామంజోడి క్వార్టర్ల వరసకంతటికీ ఆవిరి మిషను ఒక్కటే. ఎవరి ముక్కు పట్టేస్తే వాళ్లింటికి వెళ్తుంది. రెండు రోజులుగా నాకు వాసన తెలియడం లేదు, కనుబొమల మధ్య ఒకటే పోటు. ఈ పొద్దున ఎదురింటి అప్పలనాయుడి దగ్గర తెచ్చుకుని, తువ్వాలు కప్పుకుని పావుగంట పీల్చాను.

అంతలో వాడే వచ్చాడు. "ఎలాగుంది బావా? మొన్న కరోనాకి నా ముక్కు తెరిపించింది ఇదే."

"నీళ్లు మార్సేవేటిరా?"

"మందేసిన నీళ్లు పారబోస్తానేటి? నీకోసమే ఉంచేను."

తువ్వాలు అవతలికి విసిరేశాను. వాడి ముక్కు కడిగిన ఆవిరంతా నా ముక్కులోకి ఎక్కించాను! రేపు కరోనా పరీక్షకి పోవాలి. ఈలోగా నా ముక్కూ తెరుచుకుంది, మొదట తగిలింది ఆ నీళ్ల కంపే.

ఇలాంటి పొదుపరి మీ వీధిలోనూ ఉంటే చెప్పండి. ఇద్దరినీ ఒకే తువ్వాలు కింద కూర్చోబెడదాం.