ముద్ర మీద అరచెయ్యి

నాకు ఉద్యోగం వచ్చింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు సేంద్రియ పంటలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలో చేరబోతున్నాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో మెయిల్ చూసి గట్టిగా అరిచేశాను. పక్క సీటులోని పెద్దావిడ నవ్వింది.

"ఏందమ్మా, లాటరీ తగిలిందా?"

"నౌకరి వచ్చింది పెద్దమ్మా! ప్యాకెట్ల మీద ఆర్గానిక్ ముద్ర ఉంటది సూడు, గది ఇచ్చేటోళ్ల దగ్గర."

ఆమె నవ్వు ఆగిపోయింది. చేతిసంచిలోంచి మడతపెట్టి దాచుకున్న ఖాళీ కొర్రల ప్యాకెట్ తీసింది.

"మా ఆయనకు కేన్సర్ వచ్చినంక గీ ముద్ర ఉన్నయే వండిపెట్టిన. ఆఖరికి ఒక్క మిర్చి బజ్జి తెచ్చియ్యవే అని బతిమాలిండు. మందులు కొట్టిన మిరపకాయ అని ఇయ్యలే. తెల్లారి పోయిండు. గీ ముద్ర నిజమేనా బిడ్డా?"

"స్కాన్ చేసి ఇప్పుడే సూడొచ్చు పెద్దమ్మా" అంటూ ఉత్సాహంగా ఫోన్ తీసి ప్యాకెట్ మీది కోడ్ దగ్గర పెట్టాను.

ఆమె చటుక్కున కోడ్ మీద అరచెయ్యి కప్పేసింది.

"వద్దు తియ్యి. అబద్ధమని వస్తే నేనెట్ల బతకాలె?"

తర్వాతి స్టాపులో దిగుతూ నా తల నిమిరింది. "జర మంచిగ సూసి ముద్రెయ్యి బిడ్డా" అంది.

ఉద్యోగం కబురు చెప్పడానికి మళ్లీ ఫోన్ తీశాను. ఇంకా చెప్పాల్సినవాళ్లు నాయిన, కుత్బుల్లాపూర్ చిన్నమ్మ, మా పాస్టర్ గారు, కండ్లకోయ కాలేజీలో నాతో చదివిన సునీత. షుగర్ ఉందని మేం అన్నీ మాన్పించిన అవ్వకు మాత్రం ముందు చేయాలి. ఏం తినాలని ఉందో అడగాలి.