కండక్టరమ్మ కోళ్ళ కంచె

మా వీధిలో ఆమెను అందరూ కండక్టరమ్మ అనే పిలిచేవారు. ఉద్యోగం మానేశాక కూడా ఆ పిలుపు మారలేదు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి "రైట్" అంటే ముందున్న డ్రైవరుకు ఖంగుమని వినబడే గొంతు ఆమెది. పొద్దున్నే ఎక్కితే చీకటి పడేదాకా కాలు ఒకచోట నిలిచేది కాదు. పెళ్ళి మాట ఎత్తితే, "నాకు రోజూ బస్సు నిండా చుట్టాలే కదా, ఇంకెవరు కావాలి?" అని నవ్వేసేది.

అలాంటి మనిషి ఇంటికి అతుక్కుపోవాల్సి వచ్చింది. ఆమె, భర్త పోయిన అక్క, ఇద్దరే ఆ ఇంట్లో ఉండేవారు. ఒకరోజు వంటింట్లో అక్క కుప్పకూలింది. పక్షవాతం. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాటలు కూడా పోయాయి, గుప్పెడు మాత్రం మిగిలాయి. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజున తమ్ముడు గుమ్మంలో నిలబడి, "నువ్వున్నావుగా చిన్నక్కా, నాకదే ధైర్యం" అన్నాడు. ఊరికి అవతలి కొసన అతనిది కళ్ళద్దాల దుకాణం. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయింది. ఉద్యోగం మానమని ఆమెను ఎవరూ అడగలేదు. మానకుండా ఎలా నెట్టుకురావాలో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె లోకం రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక పెరడు. అక్కను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పడం, తుడవడం, తినిపించడం, దుప్పట్లు ఉతకడం. సందు చివరి కొట్టుకు వెళ్ళినా మనసు మంచం దగ్గరే ఉండేది, చిల్లర కూడా తీసుకోకుండా పరుగెత్తుకొచ్చేది. తమ్ముడు రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. "పెద్దక్క ఎలా ఉంది?" అనేవాడు. "అలాగే ఉంది" అనేది. "సరే, జాగ్రత్త" అనేవాడు. నువ్వెలా ఉన్నావు అన్న ప్రశ్న ఎందుకో వాళ్ళిద్దరి మధ్యకు వచ్చేది కాదు.

కోళ్ళను తెచ్చిచ్చింది ఆమెతో పనిచేసిన డ్రైవరు. ఒక సాయంత్రం గంపలో నాలుగు పెట్టలతో దిగాడు. "నువ్వు ఊరికే కూర్చునే మనిషివి కాదు. వీటిని చూసుకో, కాస్త కాలక్షేపం అవుతుంది" అన్నాడు. చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండనే ఉంది కదా అనుకుంది కానీ, పైకి అనలేదు.

నాలుగు కర్రలు పాతి వాటి చుట్టూ పాత వల కట్టింది. మర్నాటికే కోళ్ళు ఆ వల మీద నుంచి ఎగిరి వెనక గోడ దాటాయి. గోడ అవతల వడ్రంగి కార్ఖానా. అతను గోడ మీద నుంచి తల పెట్టి, "అమ్మా, మీవాళ్ళు టిక్కెట్టు లేకుండా మా వైపు దిగుతున్నారు. చెక్కపొట్టులో గుడ్లు కూడా పెట్టి పోతున్నారు" అన్నాడు.

"గుడ్లే టిక్కెట్టు అనుకోండి."

"అయితే పాస్ ఇప్పించండి, రోజూ రమ్మంటాను."

చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది. కానీ ఆ వారంలోనే ముంగిస ఒకటి వల కింద మట్టి తవ్వుకుని లోపలికి దూరింది. తెల్లారి చూసేసరికి తెల్ల పెట్ట మెడ తెగి పడి ఉంది. ఆమె దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తనను నమ్ముకున్న ప్రాణం తాను నిద్రపోతుంటే పోయింది. అది ఆమెను బాగా పట్టుకుంది.

ఈసారి కంచె అంటే కంచెలాగే కట్టింది. వేలు తప్ప ఏమీ దూరని సన్న కంతల ఇనుప జాలీ తెప్పించింది. అడుగున జాలీని బయటి వైపుకు మడిచి, మట్టిలో పాతి, పైన రాళ్ళు పరిచింది. ఎక్కడ తవ్వినా ముంగిసకు జాలీయే తగలాలి. పైకప్పుగా కూడా జాలీ పరిచి, జానెడుకో చోట తీగతో బిగించింది. తలుపు వడ్రంగి చేసిచ్చాడు. అది మూసుకోగానే గడియ దానంతటదే పడుతుంది.

"లోపలి నుంచి కూడా తీసుకునేలా చేయమంటారా?" అని అడిగాడతను.

"లోపల ఉండేవి కోళ్ళు. వాటికి గడియ తీయడం నేర్పిస్తారా ఏంటి?"

మంచం మీద నుంచి అక్క కిటికీలోంచి ఈ పనంతా చూసేది. ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చూపించేది. అక్కకేం కావాలో అర్థంకాక చెల్లెలు విసుక్కునేది. విసుక్కున్నందుకు మళ్ళీ లోలోపల కుమిలిపోయేది.

ఆ రోజు బాగా గాలిగా ఉంది. అక్కకు తినిపించి, మూతి తుడిచి, "నీళ్ళు మార్చి ఇప్పుడే వస్తా" అని కండక్టరమ్మ పెరట్లోకి వెళ్ళింది. కంచెలోకి వెళ్ళి వంగి గిన్నె ఎత్తుతుండగా వెనక తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. మొదట ఆమెకు నవ్వొచ్చింది. తలుపు నెట్టింది. కదల్లేదు. భుజంతో నెట్టింది. వడ్రంగి మంచి పనివాడు. కంతలోంచి వేలు పెడితే గడియ ఇంకా బెత్తెడు దూరంలోనే ఉంది. తీగ కత్తిరించే కటింగ్ ప్లేయర్ బయట మెట్టు మీద, ఫోన్ వంటింట్లో.

"వడ్రంగి గారూ" అని కేక పెట్టింది. గోడ అవతల చిత్రిక మిషను గీపెడుతోంది. బస్సంతా దద్దరిల్లించిన గొంతు ఆ రొదలో కలిసిపోయింది. కింద తవ్వి చూసింది. చేతికి జాలీ తగిలింది. పైన తీగలు విప్పబోతే వేళ్ళు తెగి రక్తం వచ్చింది. ఒక్కచోటైనా పని సరిగ్గా చేయకుండా వదిలేసి ఉంటే బాగుండుననిపించింది.

అప్పుడు గదిలోంచి అక్క గొంతు వినిపించింది. "తలుపు... తలుపు" అంటోంది.

"వస్తున్నానక్కా, కాస్త ఆగు" అని అరిచింది. అక్క ఆగలేదు. అదే మాట పదేపదే, గొంతు చీలిపోయేలా. తలుపు వెయ్యమంటోందా, తెరవమంటోందా? దాహమా, పక్క తడిసిందా? పరుగెత్తాలని కాళ్ళు తహతహలాడుతున్నాయి. పట్టుమని నాలుగడుగులు వేసే జాగా లేదు. ఆ చివర నుంచి ఈ చివరకు కోళ్ళను తొక్కుకుంటూ తిరిగింది. వంటింట్లో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది.

చివరికి అలిసిపోయి మట్టిలో చతికిలబడింది. ఒక పెట్ట వచ్చి ఆమె చీర అంచు పొడిచి చూసి పోయింది. అప్పుడు ఆమెకు ఒక వింత సంగతి తట్టింది. ఎవరు పిలిచినా తాను వెళ్ళడానికి వీల్లేదు, వెళ్ళకపోవడం తన తప్పు కాదు. వీపు కాస్త వదులైంది. ఎన్నాళ్ళకో ఊపిరి నిండుగా దిగింది. ఆ హాయి తెలిసేంతసేపు కూడా నిలవలేదు. అక్క ఇలా కూతపెడుతుంటే నేనిలా సుఖంగా కూర్చున్నానా అని తన మీద తనకే రోత పుట్టింది. అంతలో అక్క గొంతు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం కేకల కంటే ఘోరంగా ఉంది. ఆమె జాలీని రెండు చేతులా పట్టుకుని, "అక్కా, ఒక్కసారి పలుకు" అని బతిమాలుతూ ఉండిపోయింది. ఎండ గోడ దిగింది. మిషను మాత్రం ఆగలేదు.

ఎప్పటికో కిటికీలో ఒక మనిషి కదిలాడు. తమ్ముడు. ఫోన్ ఎంతకీ ఎత్తకపోయేసరికి దుకాణం మూసి వచ్చాడు. ఆమె కేక పెట్టబోయింది. సరిగ్గా అప్పుడే అవతల మిషను కూడా ఆగింది. ఇప్పుడు పిలిస్తే వినబడుతుంది.

ఆమె పిలవలేదు.

లోపల తమ్ముడు అక్క మంచం పక్కన గుడ్లప్పగించి నిలబడ్డాడు. "చిన్నక్క ఏదీ? ఎక్కడికెళ్ళింది?" అని అడుగుతున్నాడు. పక్క తడిసిందని అతనికి తెలిసినట్టుంది, ముఖం అటు తిప్పుకున్నాడు. వీధి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, చొక్కా చేతులు పైకి మడిచాడు. దుప్పటి లాగబోతే అక్క జారింది. గబుక్కున పట్టుకున్నాడు. రెండు చేతులూ ఎక్కడ వెయ్యాలో తెలియక, "పెద్దక్కా, నొప్పిగా ఉందా? చెప్పవే" అంటున్నాడు. అతను ఏడుస్తున్నాడని ఆమెకు అర్థమైంది. నడుము కింద చెయ్యి పెట్టి ఇటు తిప్పాలిరా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. తెగిన వేళ్ళతో జాలీ పట్టుకుని, అతను పొడి దుప్పటి పరిచేదాకా కదలకుండా చూసింది.

అక్క మళ్ళీ "తలుపు" అంది. ఎడమ చేత్తో కిటికీ వైపు చూపించింది. గాలి కొడుతోంది, మూయమంటోందనుకుని తమ్ముడు కిటికీ దగ్గరకు వచ్చాడు. రెక్క మీద చెయ్యి వేసి, ఎదురుగా కంచెలో నిలబడి ఉన్న మనిషిని చూశాడు.

"చిన్నక్కా, అక్కడేం చేస్తున్నావు?"

"గడియ పడింది. వచ్చి తియ్యి."

అతను వచ్చి తీశాడు. "అరవచ్చు కదా" అన్నాడు.

"అరిచాను. తర్వాత మానేశాను" అంది. అతను ఆమె ముఖంలోకి చూసి తలదించుకున్నాడు.

గదిలోకి వెళ్తే అక్క చెంపలు తడిసి ఉన్నాయి. చెల్లెలి వేళ్ళు పట్టుకుని, రక్తం చూసి, "తలుపు... నువ్వు... తలుపు" అంది. అప్పుడు గానీ కండక్టరమ్మకు అర్థం కాలేదు. గాలికి తలుపు మూసుకోవడం అక్క చూసింది. తనకేదో కావాలని పిలవలేదు. చెల్లెలు చిక్కుకుపోయిందని, ఎవరైనా వచ్చి తీయమని గొంతు పోయేదాకా లోకాన్ని పిలిచింది.

మర్నాడు వడ్రంగి వచ్చి తలుపుకు కంత చేసి, లోపలి నుంచి లాగితే గడియ లేచేలా ఒక తీగ వేశాడు. నేనప్పుడే చెప్పాను కదా అని మాత్రం అనలేదు.

తమ్ముడు ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. దుప్పటి మార్చడం వచ్చింది, తినిపించడం ఇంకా సరిగ్గా రాలేదు. అన్ని ఆదివారాలూ రాడు. పిల్లకు జ్వరమనో, దుకాణంలో పనుందనో ఫోన్ చేస్తాడు. వచ్చిన రోజున కండక్టరమ్మ చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంది. ఎక్కడికని మేమెవరమూ అడగం. చెప్పిన టైముకన్నా ముందే తిరిగొచ్చేస్తుంది.

అతను రాని ఒక ఆదివారం, వానలో పెరడంతా బురదైపోయింది. కోళ్ళు గూట్లో ముడుచుకున్నాయి. అక్క వీపుకు పౌడరు రాస్తూ, ఆమె ముఖం కనబడని ఆ వేళలో కండక్టరమ్మ, "నాకు ఎక్కడికైనా వెళ్ళిపోవాలనుంటుందక్కా" అంది. ఇన్నాళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

 అక్క మాట కూడగట్టుకుని, "తెలుసు" అంది.

చెల్లెలు నడుము కింద చెయ్యి పెట్టి ఆమెను కిటికీ వైపుకు తిప్పింది. దిండు సర్ది, తడిసిన గుడ్డలు చంకనేసుకుని పంపు దగ్గరకు వెళ్ళింది.