గడ్డి మిషన్ షాఫ్ట్ ఎందుకు విరిగింది

చేవెళ్ల దవాఖానలో మా చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోకాలి కింద నుంచి పాదం దాకా కట్టు. ఫోన్ రాగానే నేను మొయినాబాద్ దగ్గరి కాలేజీలో క్లాసు సగంలో ఆపి వచ్చాను. అక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ చెబుతాను.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. ఎంకపల్లిలో బర్రెలను పెట్టుకుని ఒక్కతే ఉంటుంది. చిన్నాయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పినా వినలేదు. గడ్డి తరగడానికి కరెంటు మిషన్ కొనుక్కుంది. ఒక పక్క నుంచి జొన్నచొప్ప పెడితే, బ్లేడ్లు బిగించిన ఇనుప చక్రం తిరుగుతూ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ పొద్దున చక్రాన్ని మోసే ఇనుప కడ్డీ, షాఫ్ట్, విరిగింది. చక్రం ఊడి ఆమె కాలి మీద పడింది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట.

"చొప్ప ఎక్కువ కుక్కినవేమో. మిషన్‌కు గూడ జర ఊపిరి తీసుకోనియ్యాలె."

వాళ్లు పోయాక చిన్నమ్మ నావైపు తిరిగింది.

"రోజు పెట్టినంతే పెట్టిన బిడ్డా. పిడికెడు గూడ ఎక్కువ పెట్టలె. ఎవ్వరూ నమ్ముతలేరు."

నొప్పికి ఏడవని మనిషి ఆ మాట చెబుతూ ఏడ్చింది.

మర్నాడు ఎంకపల్లి వెళ్లి, కొట్టంలో పడి ఉన్న షాఫ్ట్ ముక్కలు ఏరి కడిగాను. ఇనుము ఎలా విరుగుతుందో ఏటా పిల్లలకు చెబుతాను, బోర్డు మీద బొమ్మ గీస్తాను. మనవాళ్ల రక్తం కళ్లజూసిన ముక్కను చేతిలో పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. విరిగిన ముఖంలో ఎక్కువ భాగం నున్నగా ఉంది. దాని మీద అంచు నుంచి లోపలికి అలల్లాంటి వంపు గీతలు. చివర కొంచెం మేర మాత్రమే గరుకుగా, విరిచిన బెల్లం ముక్కలా ఉంది.

ఒక్కసారి బరువు పడి విరిగితే ముఖమంతా గరుకుగానే ఉండాలి. నున్నటి భాగం ఉందంటే పగులు ఎప్పుడో అంచున పుట్టి, రోజూ కొంచెం కొంచెం లోపలికి పాకిందన్నమాట. మా పుస్తకాల్లో దీన్ని లోహపు అలసట అంటారు. చిన్నమ్మ ఆ పొద్దున ఎంత చొప్ప పెట్టినా ఆ షాఫ్ట్ ఎక్కువ రోజులు ఉండేది కాదు.

దవాఖానకు వెళ్లి ఆ ముక్కను ఆమె చేతిలో పెట్టాను. వేలితో నున్నటి భాగాన్ని తడిమింది.

"గీ మాట గాళ్లకు చెప్పు."

"ఉత్తగ చెప్తే నమ్మరు చిన్నమ్మా. చేసి చూపియ్యాలె."

"అయితే చేసి చూపియ్."

అప్పటికే నేను ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీలో చేరి ఉన్నాను. విమానాల్లో వాడే లోహాలను కోయడం గురించి కంప్యూటర్ మీద చేసే పని అది. సగం కూడా నడవలేదు. అంశం మార్చుకుంటానని చెప్పగానే మా గైడ్ సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గడ్డి మిషన్ మీద పీహెచ్‌డీ అంటే నవ్వుతరమ్మా. చందనవెల్లిలో ఇన్ని ఫ్యాక్టరీలు వస్తున్నయి, వాళ్లకు పనికొచ్చేది చెయ్యి."

"వాళ్ల మిషన్లల్ల గూడ షాఫ్టులే కద సార్ తిరిగేది. షాఫ్టులు ఆయుష్షు తీరకముందే ఎందుకు విరుగుతయో చూస్త."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "కొన్నాళ్లు చెయ్, చూద్దాం" అన్నారు. అంతకన్నా నాకేం కావాలి?

మొదట ఇనుమే నాసిరకమని అనుకున్నాను. ల్యాబులో పరీక్ష చేయిస్తే అది ఉండవలసిన ఇనుమే. గట్టిదనం కూడా సరిగ్గానే ఉంది. మళ్లీ షాఫ్ట్‌ను భూతద్దం కింద పెట్టాను. పగులు మొదలైంది, లావు భాగం నుంచి సన్నభాగంలోకి దిగే మెట్టు దగ్గర. షాఫ్ట్ సాఫీగా తిరగడానికి తొడిగే బేరింగ్ వచ్చి ఆనుకునే మూల అది. ఆ మూల కత్తితో కోసినట్టు పదునుగా ఉంది. షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ దాని పైపొర ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. మూల కాస్త గుండ్రంగా ఉంటే ఆ ఒత్తిడి పరుచుకుంటుంది. పదునుగా ఉంటే అంతా ఒక్క గీత మీద పోగవుతుంది.

మిషన్‌తో వచ్చిన కంపెనీ షాఫ్ట్ చాలా ఏళ్లు నడిచి, అరిగి పోయింది; దాని మూల కాస్త గుండ్రం. విరిగింది దాని బదులు చేవెళ్లలో చేయించినది. చేసినాయన బజారు చివర ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ షాపు నడుపుతాడు. ముక్క చూపించగానే ముఖం ఎర్రబడింది.

"అంటే నా పనితోనే అమ్మ కాలు విరిగిందంటున్నవా మేడం?"

"మూలతోని విరిగిందంటున్న అన్నా."

"మూల ఎంత పదునుగ ఉంటె పని అంత నీటుగ ఉన్నట్టు. నా ఉస్తాద్ గట్లనే నేర్పిండు. పాత షాఫ్ట్ కొలతలన్నీ దించిన, ఒక్కటి తప్పలె."

"కొలతలు తప్పలే. మూల గుండ్రం ఒక్కటే దిగలే. నీ మాట నిజమో నా మాట నిజమో చూద్దాం. పదును మూలతోని కొన్ని, గుండ్రం మూలతోని కొన్ని ముక్కలు చేసియ్. విరగ్గొట్టి తెస్త."

ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని పనితనాన్ని ఎవరూ అట్లా ప్రశ్నించి ఉండరు. చివరికి, "విరిగినయి గూడ నాకు చూపియ్యాలె" అన్నాడు. సరేనన్నాను.

కాలేజీ ల్యాబు మూలన అలసట పరీక్ష చేసే పాత యంత్రం ఉంది. ముక్కను బిగించి, బరువు వేలాడదీసి, విరిగేదాకా తిప్పుతుంది. ఒక్కో ముక్కకు రోజులు పడతాయి. క్లాసుకూ క్లాసుకూ మధ్య పరుగెత్తుకెళ్లి చూసేదాన్ని. కొన్ని నెలలు అలా సాగాక ఫలితాలన్నీ బల్ల మీద పరిచి చూశాను. అంతా గందరగోళం. గుండ్రటి మూలవి కొన్ని ముందే విరిగాయి, పదునైనవి కొన్ని మొండికేసి నడిచాయి.

సార్‌కు చూపించాను.

"దారికి రానివి తీసెయ్యమ్మా. మిగిలినవి సరిపోతయి. అందరు చేసేదే."

"తీసేస్తే నేను అనుకున్నదే నేను రాసుకున్నట్టయితది సార్."

"మరి ఏం చేస్తవ్?"

నాకూ తెలియదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంటే, అన్నీ వదిలేసి పాత అంశానికి పోదామనిపించింది. ఎంకపల్లిలో దిగేసరికి చిన్నమ్మ చంక కింద కర్ర పెట్టుకుని వాకిట్లో నడక నేర్చుకుంటోంది. నాలుగడుగులు వేస్తుంది, గోడ పట్టుకుంటుంది, మళ్లీ వేస్తుంది. నన్ను చూసి ఆగలేదు. ఫలితాల సంగతి ఆమెకు చెప్పలేదు. చాయ్ తాగి ఇంటికి వెళ్లాను.

తప్పు ముక్కలది కాదేమోనని మర్నాడు యంత్రాన్నే పరీక్షించడం మొదలుపెట్టాను. తిరిగే భాగం మీద వెంట్రుకవాసి కదలికనూ చూపే కొలత గడియారం ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాను. ముల్లు నిలవలేదు. అటూ ఇటూ ఊగింది. లోపల బేరింగులు అరిగిపోయాయి. నేను వేలాడదీసిన బరువుకు తోడు యంత్రం తన సొంత కుదుపును కూడా ప్రతి ముక్కకూ పెడుతోంది, ఒక్కోదానికి ఒక్కోలా. మిషన్లు ఎందుకు చెడతాయో తేల్చడానికి కూర్చున్నదాన్ని, నా మిషన్ బాగోగులు ఒక్కనాడూ చూడలేదు.

అప్పటిదాకా చేసిందంతా పక్కన పెట్టేశాను. సెలవుల్లో యంత్రాన్ని విప్పి, కొత్త బేరింగులు వేసి, ముల్లు కదలకుండా నిలిచేదాకా మళ్లీ మళ్లీ సరిచేశాను. గోర్లలోని గ్రీజు ఆదివారం చర్చిలో చేతులు జోడించినప్పుడు కూడా కనిపించేది. లేత్ అన్న దగ్గరికి వెళ్లి, ముక్కలన్నీ మళ్లీ కావాలన్నాను.

"అన్నీనా?" అన్నాడు.

"అన్నీ."

"నీకు గిదేం పట్టుదల చెల్లె" అని నవ్వి, చొక్కా చేతులు మడిచాడు. అతని నోట మేడం పోయి చెల్లె వచ్చింది.

ఈసారి ఫలితాలు దారికొచ్చాయి. పదునైన మూలవి ముందు విరిగాయి, ఒకదాని వెనక ఒకటి. గుండ్రటి మూలవి వాటికన్నా ఎన్నో రెట్లు నిలిచాయి. లేత్ కత్తి వదిలే గీతలు లేకుండా మూలను నున్నగా తీసినవి ఇంకా ఎక్కువ. మాటిచ్చినట్టే విరిగిన ముక్కలను సంచిలో వేసుకుని చేవెళ్ల తీసుకెళ్లాను. అన్న వాటిని బల్ల మీద వరుసగా పేర్చి, ఒక్కోటీ వెలుతురులో పెట్టి చూశాడు.

"గిట్ల ఎన్ని షాఫ్టులు చేసిచ్చిననో" అన్నాడు మెల్లగా. "సరే. ఇప్పుడు అమ్మ షాఫ్ట్ చేద్దాం పా."

చేశాం. బేరింగ్ ఎక్కించబోతే అది మెట్టుకు ఆనలేదు. మూలను కంపెనీ దానికన్నా ఎక్కువ గుండ్రంగా తీయడంతో బేరింగ్ అంచు దాని మీదికెక్కి వంకరగా నిలిచింది. గుండ్రం తగ్గిస్తే బలం పోతుంది. తగ్గించకపోతే బేరింగ్ కూర్చోదు. ఇద్దరం ఆ మూలనే చూస్తూ చాయ్ చల్లార్చుకున్నాం. బేరింగ్‌కూ మెట్టుకూ మధ్య ఒక ఉంగరం వేస్తే? దాని లోపలి అంచును ఏటవాలుగా కోస్తే మూల గుండ్రం అందులో ఇమిడిపోతుంది, బేరింగ్ ఉంగరానికి చదునుగా ఆనుతుంది. సుద్దముక్కతో నేల మీద గీశాను. ఉంగరం మందం మేరకు మెట్టును వెనక్కి జరపాలని అన్న గుర్తుచేశాడు. పొద్దుగూకేలోగా బేరింగ్ తిన్నగా కూర్చుంది.

షాఫ్ట్ బిగించే రోజు చిన్నమ్మ స్విచ్ దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. చక్రం చుట్టూ కొత్తగా జాలీ వేయించాను, ఊడినా బయటికి రాకుండా.

"నేను నడుపుత చిన్నమ్మా, నువ్వు కూసో."

"నా మిషన్. నా బర్లు. నువ్ పక్కకు జరుగు."

కుంటుకుంటూ వెళ్లి స్విచ్ వేసింది. రోజూ పెట్టినంత చొప్పే పెట్టింది. ఎక్కువ కుక్కినవేమో అన్న ఇరుగుపొరుగు గోడ పక్కన నిలబడి చూశారు.

తర్వాత పీహెచ్‌డీ వచ్చింది. నవ్వుతారన్న సారే ఆ రోజు అందరికీ షాఫ్ట్ ముక్కలు చూపిస్తూ తిరిగారు. కానీ బాగైంది చిన్నమ్మ మిషన్ ఒక్కటే. చుట్టుపక్కల ఊళ్లలో అవే పదును మూలలతో ఎన్ని తిరుగుతున్నాయో! చర్చిలో ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో ఒక మాట చెప్పనివ్వమని పాస్టర్‌ను అడిగాను. మైకు ఇచ్చారు. గడ్డి మిషన్ ఉన్నవాళ్లు పిలిస్తే వచ్చి చూస్తానని చెప్పాను.

అలా వెళ్లిన ఇళ్లలో ఒకటి చిన్న మంగళారంలో ఉంది. పిలిచింది ఇల్లాలు. ఆమె భర్తకు నా రాక ఇష్టం లేదు.

"నడుస్తున్న మిషన్‌ను విప్పుడేంది? మాపటికి బర్లకు ఏం పెట్టాలె?"

"చూడనీ. అరగంటల బర్లు సస్తయా?" అని ఆమె వెళ్లి ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది.

బేరింగ్ పక్కకు జరిపి మూలను శుభ్రంగా తుడిచాను. ఎర్ర రంగు పూసి, కాసేపాగి, పూర్తిగా తుడిచేసి, పైన తెల్లపొడి చల్లాను. పగులు ఉంటే అందులో దూరిన రంగు పొడిలోకి ఊరి బయటపడుతుంది. చూస్తూ ఉండగానే ఆ తెలుపు మీద వెంట్రుకలా సన్నటి ఎర్ర గీత లేచింది.

అతను వేలితో తుడిచేశాడు. మళ్లీ పొడి చల్లాను. అక్కడే మళ్లీ వచ్చింది.

"ఇంకెన్ని దినాలు నడుస్తది?"

"నాకు తెల్వదన్నా. రేపు విరగొచ్చు, ఎండాకాలం దాక ఉండొచ్చు."

భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే కొడవలి తెచ్చి చొప్పకట్ట విప్పుతోంది. అతను పానా తీసుకుని తనే షాఫ్ట్ ఊడదీశాడు. గోనెసంచిలో చుట్టి నా స్కూటీ ముందు పెట్టాడు. మాపటి మేత చేత్తో తరగడానికి ఇద్దరూ కూర్చున్నారు. నేను చేవెళ్ల చేరేసరికి లేత్ అన్న షట్టర్ సగం దించాడు. సంచి విప్పి చూపించాను. షట్టర్ మళ్లీ పైకెత్తి లైటు వేశాడు.