విప్పి చూడని రీలు

మొన్న మా హాల్లో ఫ్యాను కిర్రుమంటుంటే బాగుచేసే అతన్ని పిలిచాం. అతను సంచిలోంచి చిన్న నూనె డబ్బా తీసి అడుగున రెండుసార్లు నొక్కాడు. టిక్కు, టిక్కు. ఆ చప్పుడుకీ, వెంటనే వచ్చిన మిషన్ నూనె వాసనకీ నా వీపు దానంతటదే నిటారుగా అయింది. వెనకాల ఎవరో నిలబడి నా చేతులవంక చూస్తున్నట్టు అనిపించింది. "ఏదీ బాబూ, ఆ నూనె ఒకసారి వాసన చూడనీ" అన్నాను. "అనుమానమా అండీ" అన్నాడతను. అనుమానమే. నాకు వంశపారంపర్యంగా మధుమేహం, ఉద్యోగరీత్యా అనుమానం సంక్రమించాయి. ఆ రెండోది ఇచ్చినవారు వెంకటప్పయ్యగారు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో గుంటూరులో ఒక పొగాకు కంపెనీ స్టోర్సులో నేను తాత్కాలికపు గుమాస్తాని, ఆయన స్టోరుకీపరు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చి నాలుగోసారి లాగే మనిషి. ఆఫీసులో అందరూ చాటుగా జిడ్డు వెంకటప్పయ్య అనేవారు. ఆయన వేళ్లకు ఎప్పుడూ నూనె అంటుకునే ఉండేది గనక ఆ పేరులో అబద్ధమేమీ లేదని నేను సమర్థించేవాణ్ణి. మా మేనేజరు ఇంగ్లీషు దొరగారు. ఏటా వేసవిలో నీలగిరి కొండలకు వెళ్లి, అక్కడి చన్నీటి ఏళ్లలో ఈకలతో కట్టిన దొంగ ఈగను గాలానికి తగిలించి చేపలు పట్టేవారు. ఆ గాలపు తాడు చుట్టుకునే రీళ్లు మూడు. మిగతా కాలమంతా అవి మా స్టోర్సు బీరువాలో ఉండేవి. "చేపను నమ్మించడానికి ఇంత ఏర్పాటు చేసే మనిషి మనల్ని ఊరికే నమ్ముతాడా? జాగ్రత్తగా ఉండవయ్యా" అన్నది వెంకటప్పయ్యగారు నాకు చెప్పిన మొదటి పాఠం.

మిరపకాయల బళ్లు మార్కెట్ యార్డుకు పోయే దారి పక్కనే మా స్టోర్సు. ఆ ఘాటు దుమ్ము తాళం వేసిన బీరువాలోకీ దూరేది. అందుకని దొరగారి ప్రయాణానికి ముందు రీళ్లను విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఇరుసుకు రెండు చుక్కలు మిషన్ నూనె వేయాలి. వెంకటప్పయ్యగారు పాత మంగళగిరి పంచె ముక్క పరిచి, నాచేత విప్పిన మరల్ని విప్పిన వరసలోనే పెట్టించేవారు. పత్తి పండే జిల్లాలో ఉంటూ దూదిని మాత్రం దగ్గరికి రానిచ్చేవారు కాదు. "ఒక్క పోగు ఇరుసుకు చుట్టుకుందా, అంతే సంగతులు. ఉతికి ఉతికి అరిగిన పంచెకు రాలడానికి పోగులుండవు." నేను తుడిచి, బిగించి, గర్వంగా చేతికిస్తే, ఆయన మళ్లీ మొదటి మర దగ్గర్నుంచి విప్పేవారు. లోపలంతా చూసి, బిగించి, చెవి దగ్గర తిప్పి విని, అప్పుడు చీటీ మీద 'తనిఖీ చేయడమైనది' అని సంతకం పెట్టేవారు. రెండేళ్లు ఓర్చుకున్నాక ఒకరోజు అడిగేశాను.

"నామీద నమ్మకం లేదాండీ?"

"నీ మాటకేముందయ్యా, నామీదే నాకు లేదు. నాది చూడ్డానికి ఎవరూ లేరు, అదీ బాధ."

మూడో వేసవి నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన ఏడు. ఆ కాగితం ఆయన బల్లమీదే ఉంది. రెండు రీళ్లు పూర్తయ్యేసరికి నూనె డబ్బా అడుగంటింది. కొత్తది కావాలంటే ఆయన సంతకం కావాలి. సంతకానికి ముందు ప్రశ్నలుంటాయి: పాతది ఎప్పుడు తెరిచావు, ఎవరికిచ్చావు, ఎంత ఒలకబోశావు. ఆ పరీక్షకు జడిసి, మధ్యాహ్నం భోజనానికి బ్రాడీపేటలో నా గదికి వెళ్లినప్పుడు తలకు రాసుకునే ఆముదం సీసా తెచ్చి మూడో రీలుకు వేశాను. వినుకొండ దగ్గర మా ఊళ్లో బండి ఇరుసు మొదలుకొని పిల్లల కడుపు దాకా అన్నిటికీ ఆముదమే. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా. ఏప్రిల్ ఎండకు అది పల్చగా పాకింది. చక్రం హాయిగా తిరిగింది. వాసన పోవడానికి పైన కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.

వెంకటప్పయ్యగారు మొదటి రెంటినీ విప్పి చూశారు. మూడోదాన్ని చేతిలోకి తీసుకుని, నావంక ఒకసారి చూసి, విప్పకుండానే సంచిలో పెట్టి చీటీ మీద సంతకం చేశారు.

"విప్పరాండీ?" అన్నాను.

"రెండేళ్లు చూశాను కదయ్యా. ఇంకా ఎంతని చూస్తాను?"

రెండేళ్లుగా కోరుకున్న మాట. తీరా విన్నాక నా మొహం ఆముదం తాగినట్టయింది. ఆ తర్వాత మూడురోజులు అనుమానించే వంతు నాది. ఇది నమ్మకమా, లేక నాకు వేసిన ఎరా? వాసన తగిలే ఉంటుంది, నేనే ఒప్పుకుంటానేమోనని ఆగారా? ఎన్నడూ లేనిది కాఫీ ఇప్పిస్తే అందులోనూ గాలం కనిపించింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది, నూనె నూనేగా అనుకున్నాను. మూడోనాడు దొరగారు రైలెక్కారు. నేను నోరు మెదపలేదు.

జూన్‌లో ఆ రీలు తిరిగొచ్చింది, వెంట దొరగారి చీటీతో. కొండమీద చలికి చక్రం బిగుసుకుపోయింది, పెద్ద చేప తాడు తెంపుకుపోయింది, ఇది ఎవరి పని అని. ఆముదం చలికి బెల్లప్పాకంలా చిక్కబడుతుందని చలే ఎరగని జిల్లావాణ్ణి నాకేం తెలుసు? వెంకటప్పయ్యగారు పంచె ముక్క పరిచి, నా ఎదుటే విప్పి, ఇరుసు మీది జిడ్డు వేలితో తీసి వాసన చూశారు.

"డబ్బా అయిపోయిందని అడగొచ్చు కదయ్యా."

"అడిగితే అనుమానిస్తారని..."

"నువ్వు అడగలేదు. నేను నమ్మాను. ఏం బావుకున్నాం?"

కోప్పడలేదు. పాత చీటీ తీసి తన సంతకం వంక చాలాసేపు చూసుకున్నారు. "చూడకుండా పెట్టిన సంతకం నా సర్వీసులో ఇదొక్కటే" అన్నారు. దొరగారికి జవాబు రాసి నాకు చదివి వినిపించారు. నూనె మార్చింది గుమాస్తా, చూడకుండానే చూశానని రాసింది నేను, పెద్ద తప్పు రెండోది అని. ఇక మా ఊరికి బస్సెక్కడమే అనుకున్నాను. వారం తర్వాత నా పర్మనెంటు కాగితం వచ్చింది. అందులో ఆయన రాసినవి రెండే వాక్యాలు: 'పని వచ్చు. వెనక ఒకరు చూడాలి.' దాని కింద దొరగారి సంతకం ఉంది.

ఆ తర్వాత ఆయన ప్రతి రీలూ విప్పారు. పక్కన నిలబడి చూడటం నాకు హాయిగా ఉండేది. రిటైరైనప్పుడు తాళంచెవులు నా చేతిలో పెట్టి, "ఇక నిన్ను చూసేవాడు లేడు సాంబశివరావూ" అన్నారు. అభినందన అనుకున్నాను. జాలి అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఫ్యాను అతను వెళ్లాక స్టూలు తెచ్చుకున్నాను. "ఇప్పుడేగా బాగుచేసి వెళ్లాడు" అంటూనే మా ఆవిడ వచ్చి స్టూలు పట్టుకుంది. ఫ్యాను పైన గిన్నెలాంటి మూతను మరలు విప్పి దించి, ఇరుసు దగ్గర వేలుపెట్టి వాసన చూశాను. మిషన్ నూనే. సరిగ్గానే వేశాడు. గిన్నె బిగించి, దిగి, రెండడుగులు వేశాను.

వెనక్కి వచ్చి మళ్లీ స్టూలెక్కాను. ఈసారి నేను బిగించిన మరలు చూడటానికి.