కుడివైపు మాటలతో టీచరమ్మను పొగిడిన వైనం

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, మొదటి యాభై రెండేళ్లు నాకు అక్షరాలు రావు. తర్వాతి మూడేళ్లు సిగ్గు అడ్డం వచ్చింది. ఒక్క కాగితంతో ఒక ఆడపిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టిన ఘనురాలిని నేను. నవ్వండి, పరవాలేదు.

మా పలమనేరులో పాలు పోసే ఆడవాళ్లకు సాయంత్రాలు చదువు చెప్పేది సుగుణ టీచరమ్మ. తెలుగు అయ్యాక కాస్త ఇంగ్లీషు కూడా మొదలుపెట్టింది. ఒకరోజు చిత్తూరు నుంచి తనిఖీకి పెద్ద మేడం వస్తుందని తెలిసింది. మేము చెప్పేదాన్ని బట్టే టీచరమ్మ ఉద్యోగం ఉండేదీ ఊడేదీ. తలా ఒక చీటీ రాసిద్దామనుకున్నాం.

"తెలుగులో రాయక్కా, సాలు," అంది నా పక్కన కూర్చునే రాజమ్మ.

"పెద్దామెకిచ్చే కాగితం మే! ఇంగ్లీషులో ఉంటేనే మర్యాద. సూస్తా ఉండు."

తిరుపతి బస్టాండు దగ్గర పాతపుస్తకాల్లో కొన్న పుస్తకం ఒకటి నా దగ్గరుండేది. ప్రతి ఇంగ్లీషు మాటకూ ఎడమవైపు కొన్ని మాటలు, కుడివైపు కొన్ని. పైనున్న పేర్లు నోరు తిరగక వదిలేశాను. ఎడమవైపున అదే అర్థమిచ్చే మాటలనీ, కుడివైపున దానికి పూర్తిగా వ్యతిరేక అర్థమిచ్చే మాటలనీ నాకేం తెలుసు? పెద్దలకు ఏదిచ్చినా కుడిచేత్తోనే కదా ఇస్తాం! కాబట్టి ఎడమవి మాలాంటి వాళ్లకు, కుడివి గొప్పవాళ్లకు. ఎంత తెలివో చూశారా! మంచితనం, ఓపిక, చురుకు చెప్పే మాటలు వెతికి, కుడివైపున్నవాటిని ముత్యాల్లా దించేశాను.

మేడం చీటీ చదివి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదంతా నిజమేనా అమ్మా?"

"అచ్చరం అచ్చరం నిజం మేడం. ఇంకా తక్కువే రాసినా. కావాలంటే ఈళ్లను అడగండి."

"అవును మేడం!" అని అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

మేడం దాన్ని తెలుగులో చదివి వినిపించింది. "మా టీచరు క్రూరురాలు. ఓపిక లేదు. ఒట్టి సోమరి. దయచేసి ఆమెను ఇక్కడే ఉంచండి."

తలలు ఊగడం ఆగిపోయింది. టీచరమ్మ మొహం విరిగిన పాలలా అయింది.

"నీకేం తక్కువ చేసినానక్కా?" అంది మెల్లగా. నేల చీలితే దూరిపోయేదాన్నే, కానీ అది సిమెంటు నేల.

పుస్తకం తీసి నా కుడిచేతి మర్యాదంతా విప్పి చెప్పాను. మేడం కళ్లజోడు తీసి మరీ నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు.

"నవ్వొచ్చిందే గానీ, ఇదేనా ఇక్కడి చదువని పైవాళ్లు అడిగితే ఏం చెప్పను?" అంది మేడం. "రేపు మీ సొంత మాటల్లో రాసి చిత్తూరుకు తీసుకురండి. అది చూశాకే ఈమె సంగతి."

"యక్కా, ఇంకెవురికీ మర్యాద సెయ్యొద్దు. మేం బతకాల," అంది రాజమ్మ.

అర్థం తెలియని మాటతో ఈ జన్మలో ఎవరినీ పొగడనని మా రెండు ఆవుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

మరునాడు పొద్దున పాలు పోసి, మొదటి బస్సులో చిత్తూరు పోయి, మేడం చేతిలో తెలుగు కాగితం పెట్టాను. అందులో ఉన్నది ఇంతే: "టీచరమ్మ బంగారం. తప్పు నాది. నాకు సగం చదువే వచ్చింది. ఆ సగంతో నన్ను ఊరిమీద వదిలితే ఎంత ప్రమాదమో నిన్న మీరే చూశారు. మిగతా సగం నేర్పేదాకా ఆమెను ఉంచండి."

ఉంచారు.